చిన్న సహజ చర్మ సంరక్షణ వ్యాపారం: మొదటి బామ్ నుంచి టోకు అమ్మకం దాకా

మంచి నూనె, మంచి మైనం కలిపితే మంచి బామ్ తయారవుతుంది. అందులో పెద్ద కష్టం లేదు. ఆరు నెలల తర్వాత, కొన్నవాళ్ల బాత్రూమ్ అరలో, అదే రంగుతో అదే వాసనతో బూజు పట్టకుండా ఉండేలా చేయడమే కష్టం. ఇంట్లో వాడుకోవడానికి చేసుకున్న క్రీమ్ పాడైతే పారేస్తాం. అమ్మిన క్రీమ్ పాడైతే ఆ సంగతి మన కంటికి కనపడని చోట, ఎవరి ముఖం మీదో బయటపడుతుంది. అందుకే ఇక్కడ రెసిపీల కన్నా నీళ్లు, ప్రిజర్వేటివ్ (సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే పదార్థం), తూకం, రికార్డుల గురించే ఎక్కువ ఉంటుంది. చాలా చిన్న వ్యాపారాలు దెబ్బతినేది వీటి దగ్గరే.

ముందు నీళ్లు లేనివి

మొదటి ఏడాది మూడు ఉత్పత్తులు చాలు: ఒంటికి రాసుకునే బామ్, పెదవుల బామ్, ముఖానికి రాసుకునే నూనె. మూడింటిలోనూ నీళ్లు ఉండవు. నీళ్లు లేనిచోట బ్యాక్టీరియా, బూజు పెరగలేవు. కాబట్టి ప్రిజర్వేటివ్ గొడవ లేకుండానే తూకం, శుభ్రత, లేబుల్, అమ్మకం నేర్చుకోవచ్చు. మూడింటికీ ముడి సరుకు దాదాపు ఒకటే కావడం ఇంకో లాభం. డబ్బు పాతిక రకాల నూనెల్లో ఇరుక్కుపోదు, తెరిచిన నూనె త్వరగా ఖర్చవుతుంది.

చక్కెర స్క్రబ్, ఉప్పు స్క్రబ్ కూడా నీళ్లు లేనివే అనిపిస్తాయి. కానీ వాటిని స్నానం చేస్తూ తడి చేత్తో తీస్తారు. డబ్బాలోకి నీళ్లు తప్పకుండా చేరతాయి. వాటికి ప్రిజర్వేటివ్ వేయాల్సిందే.

కొన్నింటిని అసలు ముట్టుకోవద్దు. సన్‌స్క్రీన్ వాటిలో మొదటిది. జింక్ ఆక్సైడ్ ఇంత శాతం వేశాం కాబట్టి రక్షణ ఇంత అని లెక్క కట్టడం కుదరదు. పొడి సమంగా పరుచుకోకపోతే చర్మం మీద పొరలో ఖాళీలు ఉంటాయి, ల్యాబ్ పరీక్ష చేస్తే తప్ప రక్షణ స్థాయిని చెప్పే ఎస్‌పీఎఫ్ తెలియదు. కంటి దగ్గర వాడేవి, పసిపిల్లలకు వాడేవి కూడా అనుభవం వచ్చేదాకా పక్కన పెట్టండి. తాజా పండ్ల రసం, పాలు, పెరుగు, తాజా కలబంద గుజ్జు అమ్మే సరుకులో వేయకండి. అవి సూక్ష్మజీవులకు తిండి. ఎంత ప్రిజర్వేటివ్ వేసినా నిలకడగా ఆపడం కష్టం.

గది, పనిముట్లు

వంట జరిగే సమయంలో, పెంపుడు జంతువులు తిరిగే చోట పని చేయకూడదు. తలుపు వేసుకోగలిగే చిన్న గది, నునుపైన బల్ల, కడగడానికి సింకు, ముడి సరుకుకు ఒక అర, తయారైన సరుకుకు వేరే అర ఉంటే చాలు. మంచి తయారీ పద్ధతుల మీద ఐఎస్ఓ 22716 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అది పెద్ద ఫ్యాక్టరీల కోసం రాసినట్టు కనిపించినా, దాని సారం ఒంటరిగా పనిచేసే మనిషికీ వర్తిస్తుంది: ఏది ఎక్కడ నుంచి వచ్చింది, ఎవరు ఎప్పుడు తూచారు, ఏ గిన్నె ఎప్పుడు కడిగారు అన్నది రాసి ఉండాలి.

త్రాసులు రెండు కావాలి. ఒకటి 5 కిలోల దాకా 1 గ్రాము కచ్చితత్వంతో, ఇంకొకటి 0.01 గ్రాము కచ్చితత్వంతో. 500 గ్రాముల లోషన్‌లో ప్రిజర్వేటివ్ 5 గ్రాములే. వంటింటి త్రాసు మీద అది 4 కావచ్చు, 6 కావచ్చు. చెంచాలు, కప్పులు, చుక్కల లెక్కలు మర్చిపోండి. నూనెతో సహా ప్రతిదీ గ్రాముల్లోనే తూచాలి, ఫార్ములా శాతాల్లోనే రాయాలి.

వీటితో పాటు స్టీలు గిన్నెలు, వేడిని తట్టుకునే గాజు బీకర్లు, థర్మామీటర్, స్టిక్ బ్లెండర్, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) కొలిచే మీటర్, చేతి తొడుగులు, తలకు టోపీ ఉండాలి. గిన్నెలు సబ్బుతో కడిగి, ఆరబెట్టి, 70 శాతం ఆల్కహాల్ చల్లి దానంతట అదే ఆరిపోనివ్వాలి. ఆల్కహాల్ ఘాటు ఎక్కువైతే ఇంకా బాగా పనిచేస్తుందనుకోవడం పొరపాటు. కొంత నీళ్లు ఉంటేనే అది సూక్ష్మజీవి లోపలికి దిగుతుంది, త్వరగా ఆవిరైపోకుండా పనిచేసే వ్యవధి దొరుకుతుంది. మంట దగ్గర మాత్రం చల్లకండి.

ముడి సరుకు కొనేటప్పుడు

ప్రతి సరుకుకూ మూడు అడగండి: బ్యాచ్ నంబరు, విశ్లేషణ ధ్రువపత్రం, భద్రతా పత్రం. ఇవి ఇవ్వని అమ్మకందారు ఎంత చవకగా ఇచ్చినా వద్దు. రేపు ఒక డబ్బా మీద ఫిర్యాదు వస్తే, అందులోని నూనె ఏ పీపాలోదో చెప్పగలిగేది ఈ కాగితాలతోనే.

నూనెలన్నీ ఒకే కాలం నిలవవు. రోజ్‌హిప్, ద్రాక్షగింజల నూనెల వంటి వాటిలో బహుళ అసంతృప్త కొవ్వులు ఎక్కువ కాబట్టి త్వరగా కనరెక్కుతాయి. ఆరు నుంచి పన్నెండు నెలలకు మించి నమ్మకూడదు. ఓలియిక్ ఆమ్లం ఎక్కువగా ఉండే హై ఓలియిక్ రకం పొద్దుతిరుగుడు నూనె అంతకన్నా మెరుగు. జొజోబా నిజానికి ద్రవ మైనం, అది చాలాకాలం నిలుస్తుంది. మీ ఉత్పత్తి గడువు అందులోని అతి బలహీనమైన నూనె గడువును దాటదు. రోజ్‌హిప్ నూనెకు నాలుగు నెలలే మిగిలి ఉంటే, దానితో చేసిన ముఖ నూనె మీద ఏడాది గడువు వేయకూడదు.

విటమిన్ ఇ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. అది నూనె కనరెక్కడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతవరకే. బ్యాక్టీరియాను, బూజును అది ఆపలేదు. గ్రేప్‌ఫ్రూట్ (నిమ్మ జాతి పండు) గింజల సారం, రోజ్‌మేరీ సారం, సుగంధ తైలాలు కూడా ప్రిజర్వేటివ్‌కు బదులు కావు. సహజ ఉత్పత్తుల వ్యాపారంలో ఇంతకన్నా ప్రమాదకరమైన అపోహ ఇంకోటి లేదు.

సుగంధ తైలాలు మొక్కల నుంచి వచ్చినవే అయినా చర్మానికి బలమైన రసాయనాలు. ముఖానికి 0.5 శాతం లోపు, ఒంటికి 1 శాతం లోపు పెట్టుకోండి. దాల్చిన చెక్క, లవంగ తైలాలు చాలా తక్కువ మోతాదులోనే అలర్జీ తెప్పిస్తాయి. తొక్క పిండి తీసిన బెర్గమాట్ (నిమ్మ జాతి పండు) తైలం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలినట్టవుతుంది. చర్మం మీద ఉండిపోయే ఉత్పత్తుల్లో దానికి అంతర్జాతీయ సుగంధ సంఘం ఇఫ్రా పెట్టిన హద్దు 0.4 శాతం. వాసన లేని రకం ఒకటి ఎప్పుడూ ఉంచండి. సున్నిత చర్మం ఉన్నవాళ్లు మొదట అడిగేది అదే.

బామ్

1000 గ్రాములకు ఒక నమ్మకమైన ఫార్ములా:

తేనె మైనం 180 గ్రాములు
షియా బటర్ (షియా గింజల కొవ్వు) 250
హై ఓలియిక్ పొద్దుతిరుగుడు నూనె 360
జొజోబా 200
విటమిన్ ఇ 5
లావెండర్ తైలం 5

మైనాన్ని నూనెలతో కలిపి నీటి ఆవిరి మీద 75 డిగ్రీల సెల్సియస్ దాకా కరిగించండి. నేరుగా మంట మీద పెడితే అడుగు మాడి వాసన వస్తుంది. షియా వేసి పూర్తిగా కరగనివ్వండి. దించాక, గిన్నె అంచుల్లో మసక పొర మొదలయ్యే లోపు విటమిన్ ఇ, తైలం కలిపి డబ్బాల్లో పోయండి. డబ్బాలు పొడిగా ఉండాలి. ఒక్క నీటి చుక్క మిగిలినా బూజు అక్కడే మొదలవుతుంది.

షియాతో వచ్చే ఫిర్యాదు ఒకటే: కొన్ని వారాలకు బామ్ రవ్వలా పలుకులు కడుతుంది. షియాలో త్వరగా గట్టిపడే కొవ్వులు, ఆలస్యంగా గట్టిపడేవి కలిసి ఉంటాయి. బామ్ నెమ్మదిగా చల్లారితే ముందువి విడిగా గుమిగూడి పలుకులవుతాయి. పూర్తిగా కరిగించి, పోసిన వెంటనే ఫ్రిజ్‌లో చల్లబరిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. పలుకులు కట్టిన బామ్ పాడైపోయినట్టు కాదు, చర్మానికి హాని లేదు. అయినా కొన్నవాళ్లకు అది పాడైనట్టే కనిపిస్తుంది.

మరీ వేడిగా పోస్తే మధ్యలో గుంట పడుతుంది, మరీ చల్లారాక పోస్తే పొరలు కనిపిస్తాయి. పై భాగాన్ని వేడి గాలితో కొద్దిగా కరిగిస్తే రెండూ సర్దుకుంటాయి. ఒక డబ్బాను రాత్రంతా 45 డిగ్రీల దగ్గర ఉంచి చూడండి. కారిపోతే మైనం 2 శాతం పెంచి, అంత మేర నూనె తగ్గించండి. రవాణాలో, నిలిపి ఉంచిన వాహనంలో డబ్బాకు ఎదురయ్యే వేడి ఆ స్థాయిలోనే ఉంటుంది.

లోషన్

బామ్ రెండు మూడు బ్యాచ్‌లు ఒకేలా వచ్చాకే దీని జోలికి రండి. శాతాల్లో ఇలా:

నీటి భాగం: డిస్టిల్డ్ వాటర్ 71.1, గ్లిజరిన్ 4, జాంథన్ గమ్ (చిక్కబరిచే పొడి) 0.3, సోడియం ఫైటేట్ (లోహపు జాడలను బంధించేది) 0.2

నూనె భాగం: సీటియరిల్ ఆలివేట్, సార్బిటాన్ ఆలివేట్ కలిసిన ఎమల్సిఫైయర్ (నూనెను, నీళ్లను విడిపోకుండా కలిపి ఉంచేది) 5, సీటైల్ ఆల్కహాల్ (మైనం లాంటి చిక్కబరిచే పదార్థం) 1.5, హై ఓలియిక్ పొద్దుతిరుగుడు నూనె 12, షియా 4

చల్లారాక: బెంజైల్ ఆల్కహాల్, డీహైడ్రోఅసిటిక్ ఆమ్లం కలిసిన ప్రిజర్వేటివ్ 1, విటమిన్ ఇ 0.5, లావెండర్ 0.4

జాంథన్‌ను ముందు గ్లిజరిన్‌లో కలిపి జారుగా చేసుకోండి. నేరుగా నీళ్లలో చల్లితే ఉండలు కడుతుంది, ఆ ఉండలు తర్వాత ఎంత తిప్పినా విడవవు. నీటి భాగం ఉన్న గిన్నెను నీళ్లతో సహా తూచి, ఆ అంకె రాసుకోండి. రెండు భాగాలనూ విడివిడిగా 75 డిగ్రీలకు తెచ్చి 20 నిమిషాలు అక్కడే ఉంచండి. మళ్లీ తూస్తే నీటి గిన్నె బరువు తగ్గి ఉంటుంది. ఆవిరైపోయినంత వేడి డిస్టిల్డ్ వాటర్ పోసి సరిచేయాలి. ఈ చిన్న పని మానేస్తే ప్రతి బ్యాచ్ చిక్కదనం వేరుగా వస్తుంది, ఎందుకో ఎంతకీ అర్థం కాదు.

రెండూ ఒకే వేడిలో ఉన్నప్పుడు నూనె భాగాన్ని నీటి భాగంలో పోస్తూ స్టిక్ బ్లెండర్‌తో తిప్పండి. బ్లెండర్ తల పూర్తిగా మునిగి ఉండాలి, లేకపోతే గాలి చేరి నురుగు లోషన్ అవుతుంది. అరనిమిషం తిప్పి అరనిమిషం ఆపుతూ రెండు మూడు నిమిషాలు చేసి, తర్వాత గరిటెతో నెమ్మదిగా తిప్పుతూ చల్లార్చండి. 40 డిగ్రీల లోపుకు వచ్చాక చివరి మూడు వస్తువులూ కలపండి.

ఇప్పుడు పీహెచ్. మీటరును 4, 7 ద్రావణాలతో సరిచూసుకోండి. 1 గ్రాము లోషన్‌ను 9 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి కొలవండి. 5.0 నుంచి 5.5 మధ్య ఉండాలి. ఎక్కువ ఉంటే 20 శాతం సిట్రిక్ ఆమ్ల ద్రావణాన్ని చుక్కచుక్కగా కలుపుతూ ప్రతిసారీ కొలవండి, వేసిన బరువు రాసుకోండి. ఇది లాంఛనం కాదు. సహజ ఉత్పత్తుల్లో అనుమతించే ప్రిజర్వేటివ్‌లలో ఎక్కువ భాగం, అంటే డీహైడ్రోఅసిటిక్, సార్బిక్, బెంజోయిక్ ఆమ్లాల వంటివి, ఆమ్ల గుణం ఉన్నప్పుడే పనిచేస్తాయి. పీహెచ్ 7 ఉన్న లోషన్‌లో సార్బిక్ ఆమ్లపు లవణమైన పొటాషియం సార్బేట్ పేరు లేబుల్ మీద ఉంటుంది కానీ పని దాదాపు జరగదు.

లోషన్ విరిగిన పాలలా విడిపోతే కారణం సాధారణంగా వీటిలో ఒకటి: ఎమల్సిఫైయర్ చాలలేదు, ఒక భాగం చల్లగా ఉంది, తిప్పడం చాలలేదు, లేదా తర్వాత కలిపిన కలబంద పొడి వంటిదానిలో లవణాలు ఎక్కువ. రాసినప్పుడు తెల్లటి చారలు వస్తే సీటైల్ ఆల్కహాల్ కొద్దిగా తగ్గించి చూడండి. చిక్కదనాన్ని అదే రోజు తేల్చేయకండి. ఈ ఎమల్సిఫైయర్‌తో లోషన్ మర్నాటికి ఇంకా చిక్కబడుతుంది.

నోరు వెడల్పు డబ్బా కన్నా పంపు సీసా మేలు. వేలు తగలని లోషన్‌లో ప్రిజర్వేటివ్‌కు పని తక్కువ.

పరీక్షలు

ఒకే బ్యాచ్ డబ్బాలను మూడు చోట్ల మూడు నెలలు పెట్టండి: ఫ్రిజ్‌లో, గది వేడిలో, 40 డిగ్రీల దగ్గర. అమ్మబోయే డబ్బాలోనే పెట్టాలి, గాజు బీకరులో కాదు. ప్లాస్టిక్ కొన్ని తైలాలకు మెత్తబడుతుంది, పంపులో స్ప్రింగ్ తుప్పు పట్టవచ్చు. వారానికోసారి రంగు, వాసన, చిక్కదనం, పీహెచ్, బరువు రాయండి. ఇంకో రెండు డబ్బాలను ఒకరోజు ఫ్రీజర్‌లో, ఒకరోజు బయట, మళ్లీ ఫ్రీజర్‌లో మారుస్తూ ఉండండి. బలహీనమైన ఎమల్షన్ (నూనె, నీళ్ల కలయిక) ఇక్కడే బయటపడుతుంది.

నీళ్లున్న ప్రతి ఫార్ములాకూ ల్యాబ్‌లో చాలెంజ్ టెస్ట్ చేయించాలి. ఐఎస్ఓ 11930 పద్ధతిలో స్టాఫిలోకోకస్ ఆరియస్, సూడోమోనాస్ ఎరుజినోసా, ఈ. కొలై, కాండిడా ఆల్బికాన్స్, ఆస్పర్‌జిల్లస్ బ్రసిలియెన్సిస్ అనే ఐదింటిని కావాలనే లోషన్‌లో వదిలి, 28 రోజులపాటు వాటి సంఖ్య ఎలా పడిపోతోందో కొలుస్తారు. ఖర్చు భారమే. ఆ ఖర్చు పెట్టలేని దశలో లోషన్ అమ్మకపోవడమే సరైన పని. బామ్‌లతోనే ఇంకొన్నాళ్లు నడపవచ్చు. కంటికి బాగుంది, వాసన బాగుంది అంటే చాలదు. గ్రాముకు లక్షల బ్యాక్టీరియా ఉన్న క్రీమ్ కూడా తెల్లగా, సువాసనగానే ఉండగలదు.

ఫార్ములాలో ఒక నూనెను ఇంకో నూనెతో మార్చినా స్థిరత్వ పరీక్ష మళ్లీ మొదలు. ప్రిజర్వేటివ్, పీహెచ్, నీటి శాతం మారితే చాలెంజ్ టెస్ట్ కూడా.

బ్యాచ్ పుస్తకం

ప్రతి బ్యాచ్‌కు ఒక పేజీ. తేదీ, బ్యాచ్ నంబరు, ప్రతి వస్తువు పేరు, దాని సరఫరాదారు బ్యాచ్ నంబరు, వేయాల్సిన బరువు, వేసిన బరువు, వేడి, పీహెచ్, ఎన్ని డబ్బాలు వచ్చాయి, ఎవరు చేశారు. తూచిన వెంటనే రాయాలి, సాయంత్రం గుర్తు తెచ్చుకుని కాదు. ప్రతి బ్యాచ్ నుంచి రెండు డబ్బాలు చీకటి అరలో దాచండి, గడువు తీరాక ఏడాది దాకా పారేయకండి. ఎవరైనా వాసన మారిందని చెబితే ముందు తెరవాల్సింది ఆ డబ్బానే. అందులో బాగుంటే లోపం నిల్వలో ఉంది, అందులోనూ మారితే తయారీలో ఉంది.

లేబుల్, చట్టం, చెప్పకూడని మాటలు

నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. యూరప్ సమాఖ్యలో 1223/2009 నియమావళి ప్రకారం అర్హత ఉన్న నిపుణుడు సంతకం చేసిన భద్రతా నివేదిక లేకుండా ఒక్క డబ్బా అమ్మకూడదు. అమెరికాలో 2022 నాటి సౌందర్య ఉత్పత్తుల చట్టం మోక్రా నమోదును, తీవ్ర దుష్ప్రభావాల నివేదికను తప్పనిసరి చేసింది, చిన్న వ్యాపారాలకు కొన్ని మినహాయింపులు ఇచ్చింది. భారతదేశంలో 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద తయారీకి లైసెన్సు కావాలి. డబ్బాలు, లేబుళ్లు ముద్రించే ముందే మీ దేశపు నియమాలు చదవండి. ఇల్లు తయారీ స్థలంగా పనికొస్తుందా లేదా అన్నది కూడా అక్కడే తేలుతుంది. ఉత్పత్తి బాధ్యత బీమా మొదటి అమ్మకానికి ముందే తీసుకోండి.

లేబుల్ మీద పేరు, నికర బరువు, తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, గడువు, వాడే విధానం, హెచ్చరికలు, పదార్థాల జాబితా ఉండాలి. పదార్థాలను ఐఎన్‌సీఐ పేర్లతో (సౌందర్య పదార్థాలకు అంతర్జాతీయంగా వాడే పేర్లు), ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. 1 శాతం లోపు ఉన్నవాటిని చివర ఏ వరుసలోనైనా పెట్టవచ్చు. లావెండర్‌లో సహజంగానే ఉండే లినలూల్ వంటి అలర్జీ కారకాలను కొన్ని దేశాల్లో విడిగా పేర్కొనాలి. చర్మం మీద ఉండిపోయే వాటిలో యూరప్ హద్దు 0.001 శాతం, అంటే చిటికెడు తైలం వేసినా రాయాల్సి వస్తుంది.

“చర్మాన్ని మృదువుగా ఉంచుతుంది” అనవచ్చు. “ఎగ్జిమా తగ్గిస్తుంది”, “మొటిమలు నయం చేస్తుంది” అంటే చట్టం దృష్టిలో అది మందు. కొన్నవాళ్లు రాసిన సమీక్షలో అలా ఉన్నా, దాన్ని మీరు ప్రకటనలో వాడితే ఆ మాట మీదే అవుతుంది. “రసాయనాలు లేనిది” అని కూడా రాయకండి, నీళ్లూ రసాయనమే. వేసిన ప్రిజర్వేటివ్‌ను దాచుకోవాల్సిన పని లేదు. అది ఎందుకు వేశారో ఒక వాక్యంలో చెబితే ఆలోచించే కొనుగోలుదారుకు నమ్మకం పెరుగుతుంది.

ధర

చిల్లర ధరను 100 వంతులనుకోండి. దుకాణాలకు టోకున ఇచ్చేటప్పుడు చాలాచోట్ల దాదాపు 50 వంతులే చేతికి వస్తాయి. కాబట్టి మీ మొత్తం ఖర్చు 40 దాటకూడదు. ఉదాహరణకు పదార్థాలు 9, డబ్బా, మూత, లేబుల్, పెట్టె కలిపి 12, మీ శ్రమ 12, పరీక్షలు, బీమా, అద్దె, కరెంటు వంటి వాటి వాటా 7. లోపలి సరుకు కన్నా బయటి డబ్బాకే ఎక్కువ ఖర్చు కావడం ఈ వ్యాపారంలో మామూలే.

డబ్బాల సంఖ్య నిజాయితీగా లెక్కపెట్టండి. 5 కిలోల బ్యాచ్‌లో గిన్నెకు, గరిటెకు అంటుకుని 5 శాతం పోతే మిగిలేది 4750 గ్రాములు, 50 గ్రాముల చొప్పున 95 డబ్బాలు. దాచేవి రెండు, పరీక్షకు రెండు పోతే అమ్మేవి 91. ఖర్చును 100తో కాదు, 91తో భాగించాలి. కడిగే సమయం, లేబుల్ అంటించే సమయం, పార్సిల్ కట్టే సమయం కూడా శ్రమే. మీరే చేస్తున్నారని సున్నా వేస్తే, రేపు మనిషిని పెట్టుకున్న రోజున గిట్టుబాటు కాదు. నేరుగా మాత్రమే అమ్ముతున్నాం కదా అని 60 వంతులకే ధర పెట్టినవాళ్లు దుకాణం అడిగినప్పుడు ఇవ్వలేరు, ఉన్నపళంగా ధర పెంచనూ లేరు.

అమ్మాక, పెంచేటప్పుడు

దద్దురు వచ్చిందని ఎవరైనా చెబితే వాదించకండి. వాడటం ఆపమనండి, బ్యాచ్ నంబరు, ఎక్కడ ఎన్నిసార్లు రాసుకున్నారు, ఎప్పుడు మొదలైంది అడిగి రాసుకోండి, డబ్బు తిరిగి ఇవ్వండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోమనండి. ఒకే బ్యాచ్ మీద రెండో ఫిర్యాదు వస్తే ఆ బ్యాచ్ అమ్మకం ఆపి నమూనా ల్యాబ్‌కు పంపాలి. ఏ బ్యాచ్ ఎవరికి వెళ్లిందో అమ్మకాల పట్టికలో ఉంటేనే వెనక్కి పిలవడం సాధ్యమవుతుంది. ఏడాదికోసారి ఒక బ్యాచ్ నంబరు తీసుకుని, ఆ డబ్బాలన్నీ ఎక్కడికి వెళ్లాయో గంటలో చెప్పగలరేమో పరీక్షించుకోండి.

బ్యాచ్ పరిమాణాన్ని ఒక్కసారిగా పదింతలు చేయకండి. 500 గ్రాముల లోషన్ అరగంటలో 40 డిగ్రీలకు వస్తే, 5 కిలోలకు గంటలు పట్టవచ్చు. అంతసేపు వేడిలో ఉన్న నూనెలు పాడవుతాయి, గరిటెతో తిప్పడం అడుగుదాకా అందదు, చిన్న బ్లెండర్ వేడెక్కి ఆగిపోతుంది. 500 నుంచి 1500కు, అక్కడి నుంచి 5 కిలోలకు వెళ్లండి. గిన్నెను చల్లటి నీళ్ల తొట్టిలో పెట్టి చల్లార్చండి, ప్రతి మెట్టు దగ్గరా పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి మూడు నమూనాలు తీసి పీహెచ్, చిక్కదనం పోల్చండి. మూడూ ఒకేలా వచ్చాకే డబ్బాల్లో నింపండి.